ఆడిటరు గారి సంతకం



ఆగస్టు నెలలో మా విచారణలో ఒక పెద్దమనిషిని భూస్థాపన చేశాం. వృత్తిరీత్యా ఆయన చార్టర్డ్ అకౌంటెంటు. ఊరంతటికీ 'ఆడిటరు గారు'. అసలు పేరు పెట్టి పిలిచేది ఆయన తల్లి ఒక్కతే అనుకుంటాను, ఆమె కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. పత్రికలో తన పేరు చూసుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. పైగా ఇందులో ఆయన ఇంటి సంగతులున్నాయి. ఇంటివారిని అడిగే రాస్తున్నాను.

సమాధుల తోట నుండి తిరిగివచ్చి నేను పూజావస్త్రాలు విప్పుతూ ఉండగా ఆయన పెద్దకొడుకు వచ్చి నిలబడ్డాడు. హైదరాబాదులో ఉద్యోగం. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "స్వామీ, గంటసేపు పూజ చేశారు. నాన్నగారి గురించి ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాడు.

ఈ మాట మీలో చాలామంది నన్ను అడిగారు, మీ విచారణ గురువులనూ అడిగి ఉంటారు. చెప్పకపోవడానికి కారణం ఉంది. మృతుల కోసం అర్పించే దివ్యబలిపూజలో క్లుప్తమైన ప్రసంగం ఉండాలి గాని, పోయినవారి గుణగణాలను పొగిడే ఉపన్యాసం ఉండకూడదని రోమను పూజాగ్రంథ సాధారణ నియమావళి 382వ అంశం చెబుతోంది. ఇది పొడి చట్టం కాదు. మనవాళ్ళ సామెత మీకు తెలుసు, చచ్చినవాని కండ్లు చారెడు. బ్రతికి ఉన్నప్పుడు పలకరించనివాడు కూడా పాడె దగ్గర దేవుడంతటి మనిషి అంటాడు. పోయినవాణ్ణి మనమే పునీతుణ్ణి చేసి నేరుగా మోక్షానికి పంపేస్తే, ఇక అతని కోసం ప్రార్థించేదెవరు? ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు మన పొగడ్త అక్కరకు రాదు. యుద్ధంలో చనిపోయినవారి పాపాల కోసం బలి అర్పించమని యూదా మక్కబీయుడు యెరూషలేముకు సొమ్ము పంపాడు గాని శిలాఫలకం చెక్కించలేదు.

ఇదంతా ఆ అబ్బాయికి చెప్పాను. తల ఊపాడు. ఒప్పుకోలేదని మొహం చూస్తే తెలిసింది.

ఇది నవంబరు, మృతుల మాసం. పూజలో చెప్పకూడనిది పత్రికలో చెప్పకూడదని నియమం లేదు కదా. అయితే పొగడను. ఆయన లెక్కల మనిషి. జమ ఒక్కటే రాసి ఖర్చు రాయని పుస్తకం చూపిస్తే విసిరికొట్టేవాడు.

మొదట ఆయన ఎలాంటివాడో చెప్పాలి. పిసినారి. వచ్చిన కవర్లను చింపి, లోపలి తెల్లభాగం మీద పెన్సిలుతో లెక్కలు వేసేవాడు. విచారణ ఆర్థిక మండలిలో పన్నెండేళ్ళు ఉన్నాడు, పన్నెండేళ్ళలో ఒక్క సమావేశానికీ ఆలస్యంగా రాలేదు, ఆలస్యంగా వచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ వదలలేదు. ఒక ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, "ఫాదర్ గారూ, ఈవేళ ప్రసంగం ఇరవై ఏడు నిమిషాలు" అన్నాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

సాయంత్రం ఏడున్నరకు మాత్రం ఆఫీసులో ఎంత పని ఉన్నా తాళం వేసేవాడు. జపమాలకు ఇంట్లో ఉండాలి. తల్లి మంచం పట్టిన మూడేళ్ళూ రాత్రి అన్నం తానే కలిపి తినిపించాడు. సెప్టెంబరు నెలలో టాక్సు ఆడిట్ల గడువు తరుముతూ ఉంటే అర్ధరాత్రి వరకు పని ఉండేది; ఇంటికి వెళ్ళి, జపమాల చెప్పి, తల్లికి అన్నం పెట్టి, పిల్లలు పడుకున్నాక మళ్ళీ ఆఫీసుకు వచ్చేవాడు. ఆ నెల 21న పునీత మత్తయి గారి పండుగ. సుంకరుల బల్ల దగ్గర నుండి లేచి వచ్చిన అపోస్తలుడు లెక్కలవాళ్ళకు పాలక పునీతుడు. గడువుకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు తన పండుగ పెట్టించుకున్నాడని ఆడిటరు గారు విసుక్కునేవాడు గాని ఉదయం పూజకు మాత్రం వచ్చేవాడు.

వృత్తి అంటే ఆయనకు భక్తి. జంట పద్దు విధానాన్ని మొట్టమొదట అచ్చులో వివరించినవాడు లూకా పచోలి అనే ఫ్రాన్సిస్కను సభ మఠవాసి. 1494లో వెనిసు నగరంలో అచ్చయిన ఆ గణితగ్రంథంలో, వర్తకుడు తన పుస్తకాలను దేవుని నామంతో ప్రారంభించాలని ఆయన బోధించాడు. "మా విద్య మీ మఠంలో పుట్టింది ఫాదర్ గారూ. మరి మీ స్వాములకే లెక్కలు రావు" అనేవాడు ఆడిటరు గారు. మన పల్లెల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి రెండు, మూడు అంటారే, అది కూడా అలాంటిదేనా అని అడిగాను. "కాదండీ. అది ఆశ. ఇది ప్రమాణం" అన్నాడు.

లూకా సువార్త 16వ అధ్యాయంలో యుక్తిపరుడైన గృహనిర్వాహకుని ఉపమానం ఉంది. నూరు మణుగుల నూనె బాకీని యాభై అని, నూరు తూముల గోధుమల బాకీని ఎనభై అని పత్రాలు తిరగరాయిస్తాడు. యజమాని మెచ్చుకుంటాడు. మూడేళ్ళకొకసారి ఆదివారం పూజలో ఆ పఠనం వస్తుంది. ఆ రోజు ఆడిటరు గారు నా మొహం వంక కాకుండా నేల వంక చూస్తూ కూర్చునేవాడు.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక దాత మా పిల్లల హాస్టలు మరుగుదొడ్ల కోసం డబ్బు ఇచ్చారు. అదే వర్షాకాలంలో గుడి పైకప్పు కారడం మొదలుపెట్టింది. నేను ఆ డబ్బు తీసి పైకప్పు వేయించాను. తరువాత నిదానంగా హాస్టలు పని చేయిద్దాంలే అనుకున్నాను. సంవత్సరాంతంలో ఆ ఖర్చును హాస్టలు మరమ్మతుల పద్దులో రాయమని ఆడిటరు గారిని అడిగాను. "రాయనండీ" అన్నాడు. దేవుని గుడికే కదా ఖర్చు పెట్టాను, జేబులో వేసుకోలేదు కదా అన్నాను. "జేబులో వేసుకుంటే పోలీసులు చూసుకుంటారు. ఇది నేను చూసుకోవాలి" అన్నాడు. ఒక ఉద్దేశంతో ఇచ్చిన కానుకను ఆ ఉద్దేశానికే వాడాలని శ్రీసభ ధర్మశాస్త్రం 1267వ సూత్రంలో ఉంది. గురువిద్యాలయంలో చదివినవాణ్ణి నేను, గుర్తుచేసింది ఆయన. రెండు నెలలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. చివరకు దాతకు ఉత్తరం రాసి, తప్పు ఒప్పుకొని, అనుమతి అడిగాను. వారు సంతోషంగా ఇచ్చారు. అయినా నాకు ఆడిటరు గారి మీద కోపం పోవడానికి మరో రెండు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తప్పు పట్టుకున్నవాణ్ణి క్షమించడం, తప్పు చేసినవాణ్ణి క్షమించడం కన్నా కష్టం కాబోలు.

ముప్పయ్యవ రోజున వారింట్లో ప్రార్థన పెట్టుకున్నారు. భోజనాల తరువాత పందిరి కింద కుర్చీల్లో కూర్చున్నాం. అప్పుడు పెద్దకొడుకు రెండో ప్రశ్న అడిగాడు. ఇది మొదటిదానికన్నా బరువైనది.

"నాన్న మంచివాడే, కాదనను. కానీ ఆ మంచితనానికి ఫీజు కట్టింది మేం స్వామీ."

జరిగింది ఇది. అతను ఇంటరు పూర్తి చేసిన ఏడాది, ఆడిటరు గారికి వచ్చే రాబడిలో సగానికి పైగా ఒక పత్తి జిన్నింగు మిల్లు నుండి వచ్చేది. ఆ ఏడే ఆ మిల్లు ఆయన చేతిలోంచి పోయింది. దూరపు ఊళ్ళో ఇంజనీరింగు సీటు వచ్చిన కొడుకు ఇక్కడే డిగ్రీలో చేరాడు. తల్లి గాజులు బ్యాంకు తాకట్టులోకి వెళ్ళాయి, నాలుగేళ్ళు రాలేదు. చెల్లెలి సంబంధం ఒకటి తప్పిపోయింది. ఎందుకు పోయింది మిల్లు అని అడిగితే ఆయన సమాధానం చెప్పలేదు. "పోయింది, అంతే" అన్నాడట. నాన్న నోటి దురుసుతనంతో షావుకారుతో తగాదా పెట్టుకున్నాడని పిల్లలు అనుకున్నారు. ఇరవై ఏళ్ళు అలాగే అనుకున్నారు.

ఆ పందిట్లో చివరి కుర్చీలో ఆ షావుకారు గారే కూర్చుని ఉన్నారు. హైందవ సోదరులు, వయస్సు డెబ్బయి దాటింది. ఈ మాటలు విని కుర్చీ దగ్గరికి లాక్కొని, "బాబూ, తగాదా ఏమీ లేదు" అన్నారు. ఆ సంవత్సరం పుస్తకాల్లో చూపిన బేళ్ళలో మూడో వంతు గోడౌనులో లేవు. సరుకు ఎక్కువ చూపితే బ్యాంకు క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచుతుంది. ఆడిటరు గారు స్వయంగా వెళ్ళి బేళ్ళు లెక్కపెట్టి, సంతకం పెట్టనన్నాడు. షావుకారు గారు బ్రతిమాలారు, ఫీజు రెట్టింపు ఇస్తానన్నారు, చివరకు పుస్తకాలు తీసుకొని వేరే ఆడిటరు దగ్గరికి వెళ్ళారు. "ఆయన సంతకం పెట్టాడు. బ్యాంకు డబ్బిచ్చింది. రెండేళ్ళలో పత్తి ధర కలిసొచ్చింది. మొత్తం కట్టేశాను. ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు బాబూ" అన్నారు.

అబ్బాయి నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం మీకు తెలుస్తూనే ఉంది. ఎవరికీ నష్టం జరగలేదు. బ్యాంకుకు వడ్డీతో సహా వచ్చింది. మిల్లు నిలిచింది. నష్టపోయింది ఎవరయ్యా అంటే, అబద్ధం చెప్పనివాడి పిల్లలు.

ప్రియ పాఠకులారా, మీలో కుటుంబ పెద్దలున్నారు. కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, బడుల్లో, కాంట్రాక్టుల్లో పనిచేసేవాళ్ళున్నారు. 'పిల్లల కోసమే స్వామీ' అనే మాట మీరూ అని ఉంటారు. అది చిన్న మాట కాదు. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని వదిలినవాడని పునీత పౌలు గారు తిమోతికి రాశారు. మనకు దగ్గరివారిని ఎక్కువగా ప్రేమించడం ధర్మమేనని పునీత తోమాసు అక్వినాసు గారు ప్రేమలోని వరుసక్రమాన్ని గురించి రాస్తూ ఒప్పుకున్నారు. లోకంలోని పిల్లలందరినీ నా పిల్లల్లాగే చూస్తానంటూ తన పిల్లల్ని పస్తు పెట్టే తండ్రిని శ్రీసభ ఏనాడూ మెచ్చుకోలేదు. కాబట్టి ఆ అబ్బాయి ఫిర్యాదును స్వార్థమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

కానీ తండ్రి పిల్లలకు ఇవ్వగలిగింది తనదైనదే. పక్కింటి చెట్టు మామిడిపళ్ళు కోసి తెచ్చి పిల్లలకు పెట్టడం ప్రేమే కావచ్చు, పళ్ళు మాత్రం పక్కింటివి. అన్యాయంగా సంపాదించి, తిరిగి ఇచ్చివేయవలసి ఉన్న సొత్తుతో దానధర్మాలు చేయకూడదని కూడా ఆ తోమాసు గారే రాశారు. మరి ఆడిటరు సంతకం ఎవరిది? చేయి ఆయనదే, కలం ఆయనదే. అయితే 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద ఆయనకు ఆ అధికారం ఇచ్చింది, ఆ పుస్తకాలు చూడలేనివారి తరపున చూడమని. బ్యాంకులో డబ్బు దాచుకున్న పంతులు గారు, పింఛను మీద బ్రతికే వితంతువు, వాళ్ళెవరూ గోడౌనుకు వెళ్ళి బేళ్ళు లెక్కపెట్టలేరు. వాళ్ళ కళ్ళు ఆయనకు అప్పు ఇచ్చారు. అప్పు తెచ్చినదాన్ని అమ్మి కొడుకు ఫీజు కట్టడం ఆయనకు చేతకాలేదు.

'కానీ నష్టం జరగలేదు కదా' అన్న ప్రశ్న మిగిలే ఉంది. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో దీని మీద మేం రాత్రి భోజనాల వేళ గట్టిగా వాదించుకునేవాళ్ళం. అబద్ధం ఏదైనా అబద్ధమేనని పునీత అగుస్తీను గారు. హాని చేసే అబద్ధం, సరదా అబద్ధం, మేలు కోసం ఆడే అబద్ధం అని మూడుగా విడదీసి, మూడూ తప్పే, మూడూ ఒకే బరువు కావు అన్నారు తోమాసు గారు. ప్రాణం కాపాడడానికి కూడా అబద్ధమాడే హక్కు లేదని 1797లో జర్మను తత్త్వవేత్త కాంట్ రాశాడు. అది విని మాలో సగం మంది ఆయన మీద విరుచుకుపడ్డాం. ఇప్పటికీ కాంట్ గారితో అంత దూరం వెళ్ళడానికి నాకు మనసొప్పదు. అయితే షావుకారు గారి విషయానికి అంత దూరం వెళ్ళనక్కర లేదు. నా సైకిలును అడగకుండా తీసుకెళ్ళి, సాయంత్రానికి గాలి కొట్టించి మరీ తెచ్చి పెట్టాడనుకోండి. సైకిలు బాగానే ఉంది. కానీ లారీ కింద పడి ఉంటే? ఆ ప్రమాదాన్ని నా నెత్తిన పెట్టే హక్కు అతనికి ఎవరిచ్చారు? బ్యాంకుకు డబ్బు తిరిగి వచ్చింది పత్తి ధర వల్ల, సంతకం నిజమై కాదు. ధర పడిపోయి ఉంటే అదే సంతకం, అదే సిరా, వేరే కథ.

ఆ వేరే కథ మనం హైదరాబాదులోనే చూశాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడే, సంవత్సరాల తరబడి లెక్కలు పెంచి చూపామని ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. చిన్నగా మొదలైన తేడా ఏటికేడాది పెరిగి అదుపు తప్పిందని ఆ ఉత్తరంలోనే ఉంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం శిక్షించిన పదిమందిలో ఆ కంపెనీ లెక్కలు చూసిన ఇద్దరు మాజీ ఆడిటర్లు కూడా ఉన్నారు. మొదటి సంవత్సరం తేడా చిన్నది. అది ఎటు పోతుందో ఆ రోజు ఎవరికి తెలుసు?

ఇంతవరకు నేను ఆడిటరు గారి పక్షాన మాట్లాడాను. ఇక ఖర్చు వైపు.

ఆయన పిల్లలకు చెప్పకపోవడం తప్పని నా అభిప్రాయం. కారణం నాకు తెలుసు. కక్షిదారుని రహస్యం బయటపెట్టడం వాళ్ళ చట్టం ప్రకారం వృత్తిపరమైన దోషం. పాపసంకీర్తన రహస్యాన్ని మోసే నాకు ఆ బరువు తెలియదని కాదు. షావుకారు పేరు, బేళ్ళ సంగతి చెప్పనక్కర లేదు. 'నాయనా, ఇది నా కోపం వల్ల జరిగింది కాదు. ఇంతకన్నా అడగవద్దు' అని ఒక్క మాట అనవచ్చు కదా. గాజులు తాకట్టు పెట్టినావిడకు, ఏ పని కోసం పెట్టిందో తెలుసుకునే హక్కు లేదా? చెప్పి ఉంటే ఆ ఇల్లు ఆయనతో కలిసి త్యాగం చేసేది. చెప్పకపోవడం వల్ల ఉత్త నష్టమే వాళ్ళ వంతుకు వచ్చింది. మన మగవాళ్ళం మౌనాన్ని గొప్పగా చెప్పుకుంటాం, జోజప్ప గారు సువార్తలో ఒక్క మాటైనా మాట్లాడలేదని గుర్తుచేస్తాం. నిజమే. కానీ నడిరాత్రి బిడ్డనెత్తుకొని ఐగుప్తుకు బయలుదేరమన్నప్పుడు, ఎందుకో మరియమ్మ గారికి చెప్పకుండా ఉండి ఉంటారా?

ఆ రోజు పందిట్లో ఇంత మాట్లాడలేదు నేను. షావుకారు గారే మళ్ళీ అందుకున్నారు. మిల్లు నిలదొక్కుకున్న పదేళ్ళకు ఆయన ఇద్దరు కొడుకుల మధ్య ఆస్తి పంపకాల గొడవ వచ్చిందట. తన లెక్కలు రాసే ఆడిటరు చేత పట్టీ వేయించుకోవచ్చు. "వాడు నేను చెప్పినట్టు రాస్తాడని నా ఇద్దరు కొడుకులకూ తెలుసు బాబూ. అందుకని మీ నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. సిగ్గుపడుతూనే వెళ్ళాను. మూడు వారాలు కూర్చుని పంచి పెట్టాడు. ఫీజు తీసుకున్నాడు, పైసా ఎక్కువ తీసుకోలేదు. పాత సంగతి ఎత్తలేదు" అన్నారు. ఆడిటరు గారి భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నారు. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. చాలాసేపు బయటికి రాలేదు.

అబ్బాయికి సమాధానం దొరికిందా అంటే, దొరికిందని నేను చెప్పలేను. పద్దెనిమిదేళ్ళప్పుడు పోయిన సీటు నలభై ఏళ్ళు రాబోతుండగా తిరిగి రాదు. తండ్రి చేసింది న్యాయమే అని ఒప్పుకోవడం ఒకటి, తనను అడగకుండా చేశాడన్న బాధ పోవడం మరొకటి.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆడిటరు గారు మంచం పట్టకముందు చివరిగా చూసిన లెక్కలు మా విచారణవే. అంకణా కలవలేదు. 340 రూపాయల తేడా. అలాంటప్పుడు లెక్కలవాళ్ళు, తేడా ఎక్కడుందో తేలేవరకు ఆ మొత్తాన్ని 'అనామతు ఖాతా' అని రాసి పక్కన పెడతారు. ఆయన అలాగే రాసి, ఎదురుగా పెన్సిలుతో 'ఫాదర్ గారిని అడగాలి' అని పెట్టుకున్నాడు. అడగకుండానే పోయాడు.

ఈ నెల 2వ తేదీన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించాక ఆ అబ్బాయి నాతో పాటు విచారణ ఇంటికి వచ్చాడు. ఆ పుస్తకం చూపించాను. తండ్రి చేతిరాత కాసేపు చూశాడు. ఓచర్ల కట్ట ఎక్కడుందని అడిగాడు. రాత్రి తొమ్మిదిన్నర వరకు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే సరిచూశాం. ఏప్రిలు నుండి ఆగస్టు వరకు అయ్యింది, తేడా దొరకలేదు. మిగతా నెలలు చూడడానికి వచ్చే శనివారం వస్తానన్నాడు.